లారీ ప్రమాద పరిహారం: దావాకు గడువు ఆరు నెలలు

లారీ ఢీకొని ఇంటిపెద్ద మరణిస్తే, కర్మకాండలు ముగియకముందే యజమాని తరఫువారు రాజీకి వచ్చి, కొద్ది మొత్తం చేతిలో పెట్టి సంతకాలు తీసుకోవడం పరిపాటి. అలా తొందరపడిన కుటుంబం ఎంత నష్టపోతుందో ఒక్క లెక్కతో తేటతెల్లమవుతుంది. నెలకు రూ.12,000 ఆర్జించే 30 ఏళ్ల తాపీమేస్త్రీపై భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడ్డారనుకుందాం. తప్పు లారీ డ్రైవరుదని రుజువైతే, ఏడాది ఆదాయం రూ.1,44,000కు భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలిపి, సొంత ఖర్చులకు నాలుగో వంతు తీసివేసి, వయసును బట్టి 17తో హెచ్చిస్తారు. వచ్చేది రూ.25,70,400. 2009, 2017 తీర్పులలో సుప్రీంకోర్టు నిర్దేశించిన పద్ధతి ఇది. అంత్యక్రియల ఖర్చు వగైరా దీనికి అదనం.

దావాను మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్‌లో దాఖలు చేయాలి. ప్రమాదం జరిగిన చోటనే కాక, బాధితులు నివసించే చోట కూడా వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన చట్ట సవరణ ఇందుకు ఆరు నెలల గడువు విధించింది. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదికల నకళ్లు పోలీసుల నుంచి లభిస్తాయి; కూలి జనానికి ఆదాయం రుజువు చేయడమే కష్టం. పని ఇచ్చినవారి సాక్ష్యం ఇక్కడ అక్కరకు వస్తుంది.

ఢీకొన్న లారీ ఆచూకీ తెలియకపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు చెల్లిస్తారు. దానికి దరఖాస్తు కోర్టుకు కాదు, రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి.