ఐలెట్‌లో తర్కానిదే పెద్దపీట: తార్కిక వివేచనను సాధన చేయడం ఎలా?

న్యూఢిల్లీ: న్యాయవిద్యలో ప్రవేశం కోరే విద్యార్థులకు నేడు ప్రధాన పరీక్ష జ్ఞాపకశక్తికి కాదు, వివేచనకు. ఢిల్లీలోని ద్వారకలో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ ఆనర్స్ కోర్సులో ప్రవేశానికి ‘ఐలెట్’ పేరిట సొంత పరీక్ష నిర్వహిస్తోంది. మొత్తం 150 ప్రశ్నల్లో ఆంగ్లానికి 50, వర్తమాన వ్యవహారాలు, సాధారణ జ్ఞానానికి 30, తార్కిక వివేచనకు 70 కేటాయించారు. ఇద్దరు అభ్యర్థులకు సమాన మార్కులు వస్తే తార్కిక విభాగంలో ఎక్కువ మార్కులు సాధించిన వారికే ప్రాధాన్యం లభిస్తుంది.

2022లో చేసిన మార్పులతో గణితం, న్యాయ అభిరుచి ప్రత్యేక విభాగాలుగా లేకుండా పోయాయి. తార్కిక విభాగంలో న్యాయసూత్రాలు కనిపించవచ్చు. అయితే వాటికి జవాబు చెప్పడానికి చట్టపరిజ్ఞానం అవసరం లేదు. ఇచ్చిన సూత్రాన్ని ఇచ్చిన సందర్భానికి అన్వయిస్తే చాలు. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం కల్పించే క్లాట్‌లోనూ 120 ప్రశ్నలకుగాను 22 నుంచి 26 వరకు తార్కిక వివేచనకు చెందినవే.

వాదన నిర్మాణం

తార్కిక ప్రశ్నలోని ప్రతి వాదనకు మూడు అంగాలుంటాయి. చెప్పదలచిన నిర్ణయం మొదటిది. దానికి చూపిన కారణం రెండవది. పైకి చెప్పకపోయినా ఆ రెండింటినీ కలిపే ఊహ మూడవది. పరీక్ష అడిగేది ఎక్కువగా ఈ మూడవదాని గురించే.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘ఈ ఏడాది ఒక కాలనీ నుంచి మెట్రో ఎక్కేవారి సంఖ్య పెరిగింది. కనుక అక్కడివారు సొంత వాహనాల వాడకం తగ్గిస్తున్నారు’ అన్నది వాదన. కొత్తగా మెట్రో ఎక్కుతున్నవారు ఇంతకుముందు సొంత వాహనాల్లో తిరిగేవారన్నది ఇందులోని ఊహ. ‘ఆ కాలనీ మీదుగా నడిచే బస్సులు రద్దయ్యాయి’ అన్న సమాచారం వాదనను బలహీనపరుస్తుంది. ‘కాలనీలో ఇంధనం కొనుగోళ్లు తగ్గాయి’ అన్న సమాచారం బలపరుస్తుంది. ‘మెట్రో ప్రయాణం సౌకర్యవంతం’ అన్న వాక్యం నిజమే కావచ్చు. కానీ వాదనతో దానికి నేరుగా సంబంధం లేదు. నిజంగా తోచే ఇటువంటి అప్రస్తుత వాక్యాలే అభ్యర్థులను ఎక్కువగా దారి తప్పిస్తాయి.

ఊహను గుర్తించడానికి నిషేధ పద్ధతి ఉపకరిస్తుంది. జవాబుగా తోచిన వాక్యాన్ని ‘కాదు’ అని తిప్పి చదవాలి. అలా తిప్పినప్పుడు వాదన కూలిపోతే అదే ఊహ. చెక్కుచెదరకుండా నిలిస్తే ఆ వాక్యం ఊహ కాదు.

పొగ, నిప్పు

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెత తెలుగువారికి సుపరిచితం. దీని నుంచి ‘నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుంది’ అని నిర్ణయించడం తప్పు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. భారతీయ న్యాయశాస్త్రంలో ఇది ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ శాస్త్రానికి ప్రవేశగ్రంథంగా నేటికీ బోధిస్తున్న ‘తర్కసంగ్రహం’ రచించిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. సంబంధాన్ని తలకిందులు చేసే ఈ పొరపాటునే ప్రవేశ పరీక్షలు నేటికీ పట్టి చూస్తున్నాయి.

భాష అడ్డంకి

ఐలెట్, క్లాట్ రెండింటినీ ఆంగ్లంలోనే నిర్వహిస్తున్నారు. క్లాట్‌ను భారతీయ భాషల్లోనూ నిర్వహించాలన్న అభ్యర్థనతో దాఖలైన వ్యాజ్యం 2023లో ఢిల్లీ హైకోర్టు విచారణకు వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి తర్కంలో దిట్ట అయినప్పటికీ, ఒక చిన్న ఆంగ్ల పదాన్ని పొరబడి మార్కు కోల్పోయే ప్రమాదం ఉంది.

ఇక్కడ మాతృభాషే తోడ్పడుతుంది. ‘వాన కురిస్తే ఆట ఆగుతుంది’, ‘వాన కురిస్తేనే ఆట ఆగుతుంది’ అన్న వాక్యాల మధ్య భేదం తెలుగువారికి సహజంగానే తెలుసు. మొదటిదానిలో ఆట ఆగడానికి వాన చాలు, వేరే కారణాలూ ఉండవచ్చు. రెండవదానిలో వాన లేనిదే ఆట ఆగదు. ఆంగ్లంలోని ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’ల మధ్య భేదం కూడా ఇదే. ‘అన్‌లెస్’ను ‘అయితే తప్ప’ అని, ‘సమ్’ను ‘కనీసం ఒకరు’ అని చదువుకోవాలి. తర్కంలో ‘కొందరు’ అన్న మాట ‘అందరూ కారు’ అని చెప్పదు.

సాధన క్రమం

ఐలెట్‌కు కేటాయించిన వ్యవధి 2 గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున 48 సెకన్లు మాత్రమే. అయినా తొలి దశలో గడియారం పక్కన పెట్టి సాధన చేయడమే మేలు. నిర్ణయాన్ని, కారణాన్ని విడదీయడం అలవాటైన తరువాతే వేగంపై దృష్టి పెట్టాలి.

రోజూ ఒక తెలుగు సంపాదకీయాన్ని, ఒక ఆంగ్ల సంపాదకీయాన్ని చదివి, రచయిత నిర్ణయమేమిటో, కారణమేమిటో, చెప్పక వదిలిన ఊహ ఏమిటో మూడు వాక్యాల్లో రాసుకోవచ్చు. గత ప్రశ్నపత్రాలను సాధన చేసినప్పుడు తప్పు జవాబులకు ప్రత్యేకంగా ఒక పుస్తకం ఉంచాలి. సరైన జవాబును రాసుకోవడంతో ఆగకుండా, తప్పు జవాబు ఎందుకు ఆకర్షించిందో నమోదు చేయాలి. కొన్ని వారాలకు ఒకే రకం పొరపాటు పదేపదే జరుగుతున్నట్టు బయటపడుతుంది, సరిదిద్దుకోవలసింది దానినే.

తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంటుంది. నాలుగు ఐచ్ఛికాల్లో ఏదో ఒకటి గుడ్డిగా ఎంచుకుంటే సగటున దక్కేది 0.06 మార్కు మాత్రమే. రెండింటిని తర్కంతో తొలగించి మిగిలిన వాటిలో ఒకటి ఎంచుకుంటే ఆ సగటు 0.375కు పెరుగుతుంది. పూర్తి జవాబు తెలియకపోయినా, ఏది జవాబు కాదో చెప్పగలగడం కూడా వివేచనే. రేపు న్యాయస్థానంలో ఎదుటి పక్షం వాదనలోని లోపాన్ని పట్టుకోవడానికి న్యాయవాదికి అక్కరకొచ్చేదీ ఈ శక్తే.