పారామిస్

పారామిస్ అంతరించిపోయిన ఒక కృంతక ప్రజాతి. ఎలుకలు, ఉడుతలు, ఏదుపందులు చేరే ఈ వర్గంలో ఇంతవరకు తెలిసిన అతి పాతవాటిలో ఇదొకటి. పాలియోసీన్ యుగం చివర, సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో కనిపించి, తర్వాతి ఈయోసీన్ యుగం మధ్యభాగం ముగిసేలోగా కనుమరుగైంది. యూరప్‌లోనూ శిలాజాలు దొరికాయి.

అమెరికాలోని వయోమింగ్‌లో, బ్రిడ్జర్ శిలల్లో దొరికిన శిలాజాలను చూసి ఫిలడెల్ఫియా శాస్త్రవేత్త జోసెఫ్ లీడీ 1871లో ఈ పేరు పెట్టాడు. గ్రీకులో ‘మిస్’ అంటే ఎలుక, ‘పారా’ అంటే పక్కన. 1937లో జెప్సెన్ అనే శాస్త్రవేత్త మోంటానాలోని బేర్ క్రీక్ నుంచి ఇంకా పాతదైన పారామిస్ అటావస్ జాతిని వర్ణించాడు. 1962లో శాస్త్రవేత్త ఆల్బర్ట్ వుడ్ పారామిస్ చేరిన కుటుంబమంతటి గురించి పెద్ద గ్రంథమే వెలువరించాడు.

పొడవాటి తోక, చెట్లెక్కడానికి పనికొచ్చే గోళ్లు ఉండటంతో చిత్రకారులు దీన్ని ఉడుతలా గీస్తుంటారు. ఆ పోలిక పైపైదే. దీని నోట్లో మొత్తం 22 పళ్లు. ఇంటి ఎలుకకు ఉన్నవి 16. ముందరి ఉలిపళ్లు మాత్రం నేటి ఎలుకకున్నట్టే జీవితాంతం పెరుగుతూనే ఉండేవి.

అసలు తేడా దవడలో ఉంది. పళ్లు బిగించి చెంప మీద వేలు పెడితే గట్టిగా ఉబికే కండరం మనకూ తగులుతుంది. పారామిస్‌లో అది చెంప ఎముక అడుగు అంచుకే అతుక్కుని ఉండేది. ఉడుతల్లో అదే కండరంలోని ఒక పొర కంటి ముందు నుంచి మూతి మీదికి పాకింది. ఏదుపందుల్లో మరో పొర కంటి కింది రంధ్రంలోంచి దూరింది. ఎలుకల్లో ఈ రెండూ జరిగాయి. కొరికే బలం పెరిగింది ఆ మార్పులతోనే. పారామిస్ వాటికి ముందున్న స్థితి.

2016లో దీని పుర్రెలను స్కాన్ చేసి మెదడు ఆకారాన్ని కంప్యూటర్లో పునర్నిర్మించారు. అదే కాలపు ప్రైమేట్లతో పోలిస్తే మెదడు పైపొరలోని నియోకార్టెక్స్ అనే భాగం చిన్నదని తేలింది.

పారామిస్ నాటి ఆ పాత దవడ కండరాల అమరిక నేటికీ మిగిలిన జంతువు ఉత్తర అమెరికా పడమటి తీరంలోని మౌంటెన్ బీవర్. పేరులో బీవర్ ఉన్నా, అది బీవర్ కాదు.