గజ్జె కట్టిన గురువు

ఒపెరా అనే పాశ్చాత్య ప్రక్రియకు తెలుగులో మాట కావలసివచ్చినప్పుడు మనవారు ‘సంగీత రూపకం’ అనో, ‘గేయనాటకం’ అనో వ్రాస్తూ ఉంటారు. మాట బాగానే ఉన్నది కాని, ఆ ప్రక్రియలోని అసలు కష్టం అందులో కనిపించదు. ఒపెరా గాయకుడు పాత్రను ధరించాలి, పాత్ర పడే వేదనను రాగంలో పలికించాలి. వాద్యబృందపు హోరును దాటి, మైకు సాయం లేకుండా, చివరి వరుసలో కూర్చున్నవానికి కూడా వినిపించాలి. ఇటలీలో 1600 ప్రాంతాన రూపు కట్టిన ఈ విద్యకు మన యక్షగానం, వీధిభాగవతం, పద్యనాటకం తోబుట్టువుల వంటివి. వీటన్నింటిలోనూ ఏకాకిగా నిలిచి పోరాడేది మాత్రం హరికథ. అక్కడ పది పాత్రలు పది మంది ఒపెరాలో పంచుకొనే బరువును ఒక్క కంఠమే మోస్తుంది.

మిత్రులారా, ఇటువంటి గాయకుని జీవితంలో రెండు భాగాలుంటాయి. ఒకటి పాడటం, రెండవది పాట నేర్పటం. మొదటి దానికి శాలువలు, బిరుదులు; రెండవ దానికి నెల జీతం. లోకం మొదటి దానినే చరిత్రగా వ్రాస్తుంది. రెండవదే ఎక్కువ కాలం నిలుస్తుందని నా అభిప్రాయం. దానికి దృష్టాంతంగా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని తలచుకొంటాను.

ముందుగా పడమటి దేశపు ముచ్చట ఒకటి. మాన్యుయెల్ గార్సియా (1805–1906) అనే స్పెయిన్ దేశీయుడు 1825లో న్యూయార్కు నగరంలో తన తండ్రి బృందంతో కలసి రొస్సీనీ రచించిన ‘సెవిల్ మంగలి’ ఒపెరాలో ఫిగారో పాత్ర పాడాడు. పచ్చి వయసులోనే మోయలేని బరువు మోసి ఆ గొంతు చెడింది. రంగస్థలం వదలి ఆయన పారిస్‌లోనూ, తరువాత లండన్‌లోనూ గాత్రపాఠం చెప్పాడు. 1841లో జెన్నీ లిండ్ అనే స్వీడన్ గాయని అలసి బొంగురుపోయిన గొంతుతో వస్తే, ముందు కొన్ని వారాలు పాడవద్దని మౌనం విధించి, ఆపైన పాఠం మొదలు పెట్టాడు. 1854లో చిన్న అద్దం ఒకటి గొంతులోనికి చొప్పించి, సూర్యకాంతిని దానిపై పడనిచ్చి, తన స్వరతంతువులను తానే చూచుకొన్నాడు. నేటి వైద్యులు గొంతును పరీక్షించే పద్ధతికి మూలం అదే. పాట పోగొట్టుకొన్నవాడు పాట పుట్టే చోటును కనుగొన్నాడన్నమాట!

దాసుగారి కథ వేరు. ఆయన గొంతు పోగొట్టుకొని గురువు కాలేదు; గొంతు ఉండగానే గురువైనాడు. 1864 ఆగస్టు 31న బొబ్బిలి దరిని అజ్జాడ అగ్రహారంలో జన్మించాడు. సంగీతం చాలవరకు స్వయంకృషి. చెన్నపట్నం నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విజయనగరంలో విని, ఆ ప్రేరణతో పందొమ్మిదేళ్ళ ప్రాయంలో ధ్రువచరిత్ర రచించి తానే గజ్జె కట్టాడు. మహారాష్ట్ర కీర్తనపద్ధతి తంజావూరు మీదుగా మనకు చేరిన కాలం అది. దానికి తెలుగు ఛందస్సును, తెలుగు నుడికారాన్ని, దేశి నృత్యాన్ని జోడించి తెలుగువారి సొత్తుగా మలచినవాడు దాసుగారు.

హరికథ పనితీరును ఇప్పటి పిల్లలకు వివరించి చెప్పవలసి ఉన్నది. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు. వెనుక మృదంగం, వయొలిన్, శ్రుతికి హార్మోనియం. దాసు వచనం చెబుతూ చెబుతూ కీర్తన అందుకొంటాడు. కీర్తన నుండి సీసపద్యంలోనికి, పద్యం నుండి పిట్టకథలోనికి జారుతాడు. రుక్మిణి సిగ్గుపడేదీ ఆయన గొంతే, రుక్మి హుంకరించేదీ ఆయన గొంతే. శ్రుతి తప్పరాదు, తాళం తప్పరాదు, అడుగు తప్పరాదు, అర్థం తప్పరాదు. నారాయణదాసుగారు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, శిరస్సుతో ఐదు తాళాలను ఏకకాలంలో చూపించి ‘పంచముఖీ పరమేశ్వర’ అనిపించుకొన్నారు. తొంబది రాగాలతో ‘దశవిధరాగనవతి కుసుమమంజరి’ కూర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోనికీ, అచ్చతెలుగులోనికీ తెచ్చి 1932లో వెలువరించారు. పందిరి క్రింద నిలబడి తెల్లవార్లూ కథ చెప్పే మనిషి పండితుడు కాడని ఎవరైనా అనుకొంటే, ఆ అపోహను ఆయన ఒక్కరే తీర్చగలరు.

1919లో విజయనగరం ప్రభువు విజయరామ గజపతి సంగీతపాఠశాల నెలకొల్పాడు. సంస్థానపు ఉద్యోగి ఒకరికి చూపులేని కుమారుడున్నాడనీ, ఆ బిడ్డ సంగీతాభిలాషయే దానికి బీజమనీ చెప్పుకొంటారు. ఆ పాఠశాలకు మొదటి అధ్యక్షుడు దాసుగారు. అప్పటికి ఆయనకు ఏబదినాలుగేళ్ళు. దేశమంతా తిరిగి సత్కారాలందుకొన్న మనిషి. వచ్చి కుర్చీలో కూర్చొన్నాడు, 1936 వరకు కూర్చొన్నాడు. ద్వారం వేంకటస్వామినాయుడు శిష్యుడుగా చేరటానికి వస్తే, వాద్యం విని, ‘నీవు నేర్చుకోవలసినది లేదు, నేర్పవలసినది ఉన్నది’ అన్న భావంతో ఆచార్యపదవిలోనే నియమించారని ఐతిహ్యం. దాసుగారి తరువాత అధ్యక్షుడైనదీ ఆ నాయుడుగారే. పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రం చెప్పినదీ ఆ పాఠశాలలోనే. తండ్రిని పోగొట్టుకొని, మధుకరం ఎత్తుకొని చదివిన ఘంటసాల వేంకటేశ్వరరావు ఆ శాస్త్రిగారి శిష్యుడు. పి.సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థినియే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. విజయనగరం కళాశాల పేరు చెప్పగానే మనకు వయొలిన్ విద్వాంసుడు గుర్తుకు వస్తాడు, సినిమా గాయకులు గుర్తుకు వస్తారు. హరిదాసు గుర్తుకు రాడు! హరికథా పితామహుడు పదునేడేండ్లు అధిపతిగా ఉన్న చోట ఇది ఎందువలన జరిగింది? కారణం ఎవరి లోపమూ కాదు, పాఠశాల స్వభావమే అటువంటిది. పాఠశాల విద్యను విడదీసి చెబుతుంది. గాత్రం ఒక గది, వీణ ఒక గది, మృదంగం ఒక గది. హరికథ అన్ని గదులనూ ఒకే ఇంటిగా చేసుకొన్న విద్య. దానిని విడదీస్తే సంగీతం మిగులుతుంది, సాహిత్యం మిగులుతుంది, కథకుడు మాత్రం మిగలడు. కథకుడు కావాలంటే శిష్యుడు గురువు వెంట ఊరూరా తిరగాలి, పందిరిలో వెనుక నిలబడి వంతపాట పాడాలి, జనం ఎక్కడ కునుకు తీస్తారో, ఎక్కడ కంట తడి పెడతారో చూడాలి.

ఈ రహస్యం తెలిసినవారు కాబట్టే 1973లో తూర్పుగోదావరి కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల పెట్టినప్పుడు పిల్లలను అక్కడే ఉంచి, అన్నం పెట్టి, హరికథనే ముఖ్యవిద్యగా నేర్పారు. ఎందరో ఆడపిల్లలు అక్కడ గజ్జె కట్టి కథకురాండ్రైనారు. 2023లో హరికథా విద్వాంసుడు కోట సచ్చిదానందశాస్త్రిగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు సంతోషించాము. ఆ సంతోషంలో సగమైనా ఇటువంటి పాఠశాలల పట్ల చూపామా?

విజయనగరం మాకు దూరం. మా యాలాల్ తాండూరు దరినున్న ఊరు. కన్నడ సీమకు ఆనుకొని, నాపరాళ్ళకూ కందులకూ పేరుపొందిన నేల. అయినా ఈ పాఠం మా నేలకు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో చిరుతల రామాయణం ఆడేవారు. చిరుతలన్నా చిడతలన్నా ఒకటే. గురువు ఊరిలో కొన్నాళ్ళు బస చేసేవాడు. పగలంతా పొలం పని చేసి వచ్చిన రైతులను రాత్రివేళ వరుసగా నిలిపి, చదువురానివానికి కూడా పాట నోటికి ఎక్కించి, అడుగు కాలికి ఎక్కించి, చివరకు రాముణ్ణి చేసి నిలబెట్టేవాడు. ఆటనాడు చప్పట్లు రామునికీ, సీతకూ. గురువు ప్రక్కన నిలబడి తాళం వేస్తూ ఉండేవాడు. ఆ పక్కకు నిలబడటమే గురుత్వం.

తెలుగు పండిత శిక్షణలో మాకు యతిప్రాసలు చెప్పారు, గణవిభజన చెప్పారు, అలంకారాలు చెప్పారు. పద్యాన్ని ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో, ఊపిరి ఎక్కడ తీసికోవాలో ఎవరూ చెప్పలేదు. అరవై మంది పిల్లలున్న గదిలో, పై కప్పు రేకులపై వాన మ్రోగుతుండగా, ఉత్పలమాల వినిపించటానికి గొంతు చించుకొన్న ఉపాధ్యాయులలో నేనూ ఒకడిని. పదవీ విరమణ నాటికి నా గొంతు సగమై పోయింది. పద్యం అర్థం చెప్పిన పిల్లలు పరీక్ష వ్రాసి మరచిపోయారు. పాడించిన పిల్లలు నేటికీ ఎదురుపడితే మొదటి పాదం అందుకొంటారు. నాకు దక్కిన బిరుదు అదే.

దాసుగారు 1945 జనవరి 2న కీర్తిశేషులైనారు. ఆయన కథ ప్రత్యక్షంగా విన్నవారు నేడెందరు మిగిలి ఉంటారు? ఆ కంఠం కాలంలో కలసిపోయింది. ఆయన కూర్చొన్న కుర్చీ ఉన్న కళాశాల మాత్రం నేటికీ పిల్లలకు సరళీస్వరాలు చెబుతూనే ఉన్నది. గొంతు దేహంతో పోతుంది, పాఠం మరొక దేహాన్ని వెదకుకొంటుంది. మీ ఊరిలో పద్యం ఎత్తుకోగల పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఫోనులో ముద్రించుకొని ఊరుకోకండి. ఎదురుగా ఒక పిల్లవాణ్ణో పిల్లనో కూర్చోబెట్టండి. తప్పు పాడినప్పుడు దిద్దే పని యంత్రం చేయదు.

స్వస్తి.