గ్రనడాలో అతిథి: ఇబ్న్ ఖల్దూన్, ఇబ్నుల్ ఖతీబ్‌ల మైత్రి

రాజాశ్రయం విద్వాంసులను ఒకచోట చేర్చుతుంది. అదే ఒక్కొక్కప్పుడు వారిని విడదీస్తుంది. పదునాలుగవ శతాబ్దపు స్పెయిన్‌లో, ముస్లిముల చేతిలో మిగిలిన చిన్న రాజ్యానికి రాజధానియైన గ్రనడా ఇందుకు సాక్ష్యం.

ఆ రాజ్యపు వజీరు లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్ కవి, వైద్యుడు, చరిత్రకారుడు. 1359లో సుల్తాను ఐదవ ముహమ్మద్ సింహాసనం కోల్పోయి మొరాకోలోని ఫెజ్ నగరంలో తలదాచుకొన్నప్పుడు ఈ వజీరు కూడా అక్కడికి చేరారు. అక్కడి ఆస్థానంలో ఉద్యోగిగా ఉన్న ఇబ్న్ ఖల్దూన్ ఆ కష్టకాలంలో వారికి తోడ్పడ్డారు. ఇరువురి స్నేహం అప్పటిది.

1362లో సుల్తానుకు రాజ్యం తిరిగి దక్కింది. అదే సంవత్సరం డిసెంబరులో, అనగా హిజ్రీ 764 రబీఉల్ అవ్వల్ మాసంలో, ఇబ్న్ ఖల్దూన్ సముద్రం దాటి గ్రనడా చేరారు. ఆయనకప్పుడు ముప్పది ఏండ్లు. మిత్రునికి దాదాపు ఏబది. నగరం చేరకముందే వజీరు స్వాగతలేఖ అందింది. సుల్తాను తన భవనాలలో ఒకదానిని విడిదిగా అమర్చాడు.

1364లో సుల్తాను ఆయనను కాస్టీల్ రాజు పేడ్రో వద్దకు రాయబారిగా సెవిల్ పంపాడు. 1248లో క్రైస్తవుల వశమైన సెవిల్ ఖల్దూన్ వంశీయుల పూర్వనగరం. తన కొలువులో ఉండిపోతే పూర్వికుల ఆస్తిని తిరిగి ఇప్పిస్తానని పేడ్రో అన్నాడు. ఇబ్న్ ఖల్దూన్ మర్యాదగా నిరాకరించి గ్రనడాకే మరలివచ్చారు. సంతోషించిన సుల్తాను ఎల్వీరా గ్రామాన్ని ఆయనకు ఇచ్చాడు. ఆయన కుటుంబం కూడా గ్రనడా చేరింది.

అతిథిపై సుల్తానుకు పెరిగిన ఆదరమే ఆతిథేయునికి శంకగా మారింది. చాడీలు చెప్పేవారు ఆ శంకను పెంచారు. ఇంతలో ఉత్తర ఆఫ్రికాలోని బిజాయా నుండి ఆహ్వానం వచ్చింది. మిత్రుని మనసు మారిన సంగతిని ఇబ్న్ ఖల్దూన్ సుల్తానుకు చెప్పలేదు. ఆ ఆహ్వానాన్నే కారణంగా చూపి 1365లో సెలవు తీసుకొన్నారు. సుల్తాను ఇచ్చిన వీడ్కోలు పత్రాన్ని కూర్చినవారు ఇబ్నుల్ ఖతీబే.

కాలం తిరగబడింది. 1371లో ఇబ్నుల్ ఖతీబ్ తానే గ్రనడా విడిచి మొరాకోకు పారిపోవలసివచ్చింది. తరువాత ఫెజ్‌లో ఆయనను మతభ్రష్టతా నేరం మోపి బంధించారు. ఇబ్న్ ఖల్దూన్ మిత్రుని విడుదలకు పెద్దలను ఆశ్రయించారు. 1374లో ఆయన గ్రనడాకు రెండవసారి వెళ్ళగా ఈ ప్రయత్నమే నేరమైంది. ఒకప్పుడు స్వాగతించిన సుల్తానే ఆయనను సముద్రానికి ఆవలికి పంపివేశాడు. హిజ్రీ 776లో ఇబ్నుల్ ఖతీబ్‌ను చెరసాలలోనే గొంతు నులిమి చంపారు.

1377లో రచించిన ‘ముఖద్దిమా’లో, మనుషులందరిలోనూ రాజకీయ రీతులకు మిక్కిలి దూరమైనవారు విద్వాంసులేనని ఇబ్న్ ఖల్దూన్ ఒక అధ్యాయంలో వాదించారు. దానిని ఆయన కేవలం గ్రనడా అనుభవం నుండే గ్రహించారనడం తొందరపాటు. అయితే తన ఆత్మకథలో మాత్రం మిత్రుని లేఖలను పదిలంగా పొందుపరచారు. శంకను దాచి, సహాయాన్ని దాచక, లేఖలను కాపాడిన ఆ ప్రవర్తనలోనే అతిథి ధర్మం, మిత్ర ధర్మం రెండూ కనిపిస్తాయి.