అతిథిధర్మం, పూర్తధర్మం: మల్కాపుర శాసనం నుంచి డొక్కా సీతమ్మ వరకు

‘అతిథి’ శబ్దానికి శాస్త్రకారులు చెప్పిన నిర్వచనంలోనే ఒక సామాజిక వ్యవస్థ ఇమిడి ఉన్నది. తిథినియమం లేకుండా వచ్చేవాడు, వచ్చిన చోట స్థిరంగా నిలవనివాడు, ఒక్క రాత్రి మాత్రమే గృహంలో ఉండేవాడు అతిథి. బంధువు అతిథి కాడు. మిత్రుడు కాడు. తన గ్రామంలోనే నివసించేవాడు కూడా కాడని మనుస్మృతి విశదంగా చెబుతున్నది. నేటి సభలలో ఆహ్వానపత్రికపై ముందుగానే పేరు అచ్చయ్యే ‘ముఖ్య అతిథి’ ఈ నిర్వచనం ప్రకారం అతిథియే కాడు! ఎరుక లేనివాడు, ఎప్పుడు వస్తాడో తెలియనివాడు, మళ్లీ కనబడతాడన్న నమ్మకం లేనివాడు, ప్రత్యుపకారానికి అవకాశమే లేనివాడు - అటువంటి మనిషికి ఆ పేరు పెట్టి, అతనిని తల్లి, తండ్రి, ఆచార్యుల సరసన దైవస్థానంలో నిలిపింది తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి.

ఈ భావన కేవలం ఉపదేశంగా మిగలలేదు. గృహస్థుని దినచర్యలో దీనికి నియతమైన స్థానం ఏర్పడింది. పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞమంటే అతిథిపూజయే. వైశ్వదేవం ముగిసిన తరువాత గృహస్థుడు వెంటనే విస్తరి ముందు కూర్చోరాదు. ఒక గోవును పితకడానికి పట్టేంత కాలమైనా ముంగిట నిలిచి, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూడాలని విష్ణుపురాణం విధించింది. ఇందులోని సూక్ష్మాన్ని గమనించాలి. వచ్చినవానికి పెట్టడం ఒక ధర్మం, రానివానికోసం వాకిట నిలబడి చూడడం మరొక ధర్మం. మొదటిది జాలిగుండె ఉన్నవారెవరైనా చేయగలరు. రెండవదానికి నియమం కావాలి, నిష్ఠ కావాలి.

కఠోపనిషత్తు ఈ నియమాన్ని సాక్షాత్తు యమధర్మరాజుకే వర్తింపజేసింది. నచికేతుడు యముని ఇంట మూడు రాత్రులు అన్నం లేకుండా ఉన్నాడు. తిరిగివచ్చిన యముడు ఆ బాలునికి నమస్కరించి, రాత్రికొక్కటి చొప్పున మూడు వరాలిచ్చాడు. బ్రహ్మవిద్యకు ఆకరమైన ఆ ఉపనిషత్తు ఒక ఆతిథ్యలోపానికి జరిగిన పరిహారంతో ఆరంభమైందన్న సంగతిని వ్యాఖ్యాతలు సాధారణంగా త్వరత్వరగా దాటిపోతారు. అతిథి పస్తున్న ఇంటి యజమానికి ఆశలు, సత్సంగఫలం, పుత్రులు, పశువులతోపాటు ‘ఇష్టాపూర్తాలు’ కూడా నశిస్తాయని అక్కడే చెప్పబడింది. ఈ ఇష్టాపూర్తాల ప్రస్తావన మున్ముందు అవసరమవుతుంది.

అయితే శాస్త్రం ఏకకంఠంతో మాట్లాడిందని అనడం సత్యదూరం. వైశ్వదేవకాలంలో వచ్చిన అతిథిని గోత్రమేదని, శాఖ ఏదని, ఏమి చదివావని అడగరాదని పరాశరస్మృతి శాసించింది. భోజనంకోసం తన కులగోత్రాలు చెప్పుకొనేవానిని మనుస్మృతి కక్కినదానిని తినేవానితో పోల్చింది. అడగడమూ దోషమే, చెప్పడమూ దోషమే. కాని అదే మనుస్మృతి, ఆ వెనువెంటనే, బ్రాహ్మణగృహానికి వచ్చిన ఇతర వర్ణాలవారు ‘అతిథి’ శబ్దానికి అర్హులు కారంటుంది. క్షత్రియునికి బ్రాహ్మణుల తరువాత భోజనం పెట్టవచ్చునని, వైశ్యశూద్రులకు భృత్యులతోపాటు పెట్టాలని తారతమ్యం చెబుతుంది. దయతోనే పెట్టమన్నది నిజం, పంక్తి వేరన్నదీ నిజం. ఒకవైపు పేరు అడగవద్దన్న విధి, మరొకవైపు పేరు తెలిస్తేనే పాటించగల తారతమ్యం. ఈ రెండు స్వరాల నడుమనే మన దానధర్మాల చరిత్ర అంతా నడిచింది. ఒకదానిని దాచి రెండవదానిని మాత్రమే వినిపించేవారు ఇరుపక్షాలలోనూ ఉన్నారు.

శ్రీమద్భాగవతం నవమస్కంధంలోని రంతిదేవోపాఖ్యానం ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. నలభై ఎనిమిది దినాలు నీరైనా లేక కృశించిన కుటుంబానికి కొంత పాయసం, కొంత పిండివంట, కొన్ని నీళ్లు లభించాయి. తినబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు వచ్చాడు. భాగం పంచి మిగిలినదానిని ముట్టబోగా ఒక శూద్రుడు వచ్చాడు. ఆ పిమ్మట కుక్కలను వెంటబెట్టుకొని మరొకడు వచ్చాడు. అన్నం అడుగంటి, ఒక్క మనిషి దప్పిక తీరడానికి సరిపడే నీళ్లు మాత్రమే మిగిలినప్పుడు, గుక్కెడు నీళ్లకోసం పుల్కసుడు వచ్చాడు. వ్యాసుడు ఈ క్రమాన్ని యాదృచ్ఛికంగా కూర్చలేదు. పరీక్ష మెట్టుమెట్టుకు కఠినమవుతున్నది, ఇవ్వవలసినది మాత్రం మెట్టుమెట్టుకు ప్రాణానికి దగ్గరవుతున్నది. రంతిదేవుడు ఆ క్షణంలో మోక్షాన్ని కోరలేదు. సమస్తప్రాణుల దుఃఖాన్ని వారి లోపలనే ఉండి తాననుభవించి, వారిని దుఃఖరహితులను చేయాలని కోరాడు. పోతన పుణ్యమా అని ఈ కథ తెలుగుఇళ్లలో చిరపరిచితం.

రంతిదేవుని త్యాగం మహత్తరమే. కాని రోజూ బాటవెంట నడిచే వేలమంది ఆకలికి ఒక్క రంతిదేవుడు చాలడు. అక్కడే పూర్తధర్మం ప్రవేశిస్తుంది. ‘ఇష్టం’ అంటే యజ్ఞాదులైన వైదికకర్మలు. ‘పూర్తం’ అంటే బావులు, దిగుడుబావులు, చెరువులు, దేవాలయాలు, అన్నప్రదానం, తోటలు. వైదికమైన ఇష్టంలో అధికారం లేదన్న శూద్రునికి సైతం పూర్తంలో అధికారం ఉన్నదని స్మృతులు అంగీకరించాయి. ఈ ఒక్క అంగీకారం వల్లనే దేశంలో చెరువులు, చలివేంద్రాలు, సత్రాలు ఒక వర్ణానికో రాజవంశానికో పరిమితం కాక, సెట్టి, కాపు, వేశ్య, దండనాయకుడు అనే భేదం లేకుండా అందరి పేర్లతోనూ శిలలపై నిలిచాయి.

తెలుగుదేశంలో పూర్తధర్మానికి ప్రమాణంగా చెప్పదగినది మల్కాపుర శాసనం. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలోని మల్కాపురంలో నందిని శిరస్సున దాల్చిన శిలాస్తంభంపై ఈ సంస్కృతశాసనం ఉన్నది. కాలం శకవర్షం 1183, అంటే క్రీ.శ. 1261. కాకతీయ గణపతిదేవుని దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యుడు గౌడదేశం నుంచి వచ్చిన శైవాచార్యుడు, గోళకీమఠ పరంపరకు చెందినవాడు. ఆయనకు గణపతిదేవుడు మందడం గ్రామాన్ని సమర్పించగా, ఆయన పుత్రిక రుద్రమదేవి దానికి వెలగపూడిని జతచేసింది. గురువు ఆ ఆదాయాన్ని తన మఠభోగానికి మాత్రమే ఉంచుకోలేదు. దేవాలయం, మఠం, విద్యాలయం, సత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పి, ఏ భాగం దేనికి చెందాలో రాతిపై చెక్కించాడు. ఆదాయం మూడు భాగాలైంది. ఒకటి శివునికి, ఒకటి విద్యార్థులకు, శైవమఠానికి. మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి.

ఈ విభజనలో దేవుని భాగం, కాన్పుకు వచ్చిన స్త్రీ భాగం ఒకే శిలపై, ఒకే లెక్కలో ఉన్నాయి. ప్రసవం సాధారణంగా పుట్టింట జరిగే దేశంలో ప్రసూతిశాల ఎవరికోసం? పుట్టిల్లు దూరమైనవారికి, పుట్టిల్లే లేనివారికి అని ఊహించడం అసంగతం కాదు. శాసనం వేదాధ్యాపకులతోపాటు ఒక వైద్యుని, లెక్కలు వ్రాసే ఒక కాయస్థుని కూడా నియమించింది. కాయస్థుని నియామకం చిన్న విషయంగా తోచవచ్చు. కాని భావావేశంతో చేసిన దానం ఆ దాతతోనే ముగుస్తుంది, లెక్క ఉన్న దానం దాత గతించినా నడుస్తుంది. విశ్వేశ్వర శివాచార్యునికి ఈ సంగతి బాగా తెలుసు.

పైన చెప్పిన రెండు స్వరాలూ ఈ శాసనంలో వినిపిస్తాయి. విప్రసత్రం అని విడిగా పేర్కొన్న శాసనమే, అన్నశాలలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు వచ్చిన ప్రతివారికీ ఏ వేళనైనా అడ్డులేకుండా అన్నం పెట్టాలని కూడా విధించింది. పంక్తిభేదం అక్కడ తొలగిపోయిందని ఈ మాటను బట్టి చెప్పడానికి వీలులేదు, చెప్పనవసరమూ లేదు. ఆకలితో వచ్చినవానిని ఏ కారణం చేతనూ వెనక్కి పంపరాదన్న విధి రాజముద్రతో, గురువాక్యంతో రాతికెక్కింది. పదమూడవ శతాబ్దిలో అది చిన్న సంగతి కాదు.

ఇటువంటి సత్రాల మీదనే శతాబ్దాలపాటు యాత్రికలోకం ఆధారపడింది. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరి, కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రచరిత్రలో ప్రతి మజిలీనీ వర్ణించాడు. ఏ ఊరిలో దిగడానికి వసతి ఉన్నది, నీళ్లు ఎలా ఉన్నాయి, వస్తువులు దొరుకుతాయా లేదా అన్న వివరాలతో ఆ గ్రంథం నిండి ఉన్నది. పరివారంతో వెళ్లిన సంపన్న ఉద్యోగికే అవి అంత ముఖ్యమైనప్పుడు, మూటతో ఒంటరిగా నడిచే పేదయాత్రికునికి సత్రమున్న ఊరికి, లేని ఊరికి మధ్య ఎంత భేదమో గ్రహించవచ్చు.

సత్రానికి మాన్యం ఉంటుంది, వంటవాడుంటాడు, వేళ ఉంటుంది. ఇవేవీ లేకుండా ఒక గృహమే సత్రమైతే ఎలా ఉంటుందో చూడాలంటే కోనసీమకు వెళ్లాలి. డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో జన్మించింది. తండ్రి అనుప్పిండి భవానీశంకరం. అడిగినవారికల్లా అన్నం పెట్టడం వల్ల ఆయనను జనం బువ్వన్న అని పిలిచేవారట. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న ఒకనాడు ప్రయాణమధ్యంలో వేళకాని వేళ వారి ఇంట ఆగి, ఆ కన్యక ఆదరణ చూసి వివాహమాడాడని చెబుతారు. అంటే, ఆ దాంపత్యానికి మూలం కూడా ఆతిథ్యమే.

లంకల గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్నది. ఏరు దాటవలసినవారు పడవకోసం ఆగేది అక్కడే, దాటివచ్చినవారు అలసి చేరేది అక్కడే. పడవ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, వరదకాలంలో అసలు వస్తుందో రాదో తెలియదు. పూటకూళ్లు సర్వత్రా దొరకని ఆ కాలంలో బాటసారుల ఆకలికి వేళాపాళా లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల డెల్టా పచ్చబడిందన్నమాట నిజమే. అయినా ధాన్యం గాదెలో ఉండడం వేరు, అర్ధరాత్రి తలుపు తట్టినవాని విస్తట్లో అన్నమై ఉండడం వేరు. ఆ రెండింటి మధ్య ఒక మనిషి నిద్రలేవాలి, పొయ్యి రాజేయాలి. నలభై ఏళ్లకు పైగా ఆ పని సీతమ్మ చేసింది. కులమేదని అడగలేదు, వేళ కాదనలేదు. ఆస్తి క్రమంగా కరిగిపోతున్నా జోగన్న వారించలేదని ఆ ప్రాంతంవారు నేటికీ చెప్పుకుంటారు. ఆయనను కూడా ఈ కథలో స్మరించడం న్యాయం.

ఆమె గురించి ప్రచారంలో ఉన్న వృత్తాంతాలలో అంతర్వేది ప్రయాణం ముఖ్యమైనది. ఇల్లు విడిచి ఎన్నడూ కదలని సీతమ్మ, ఒక్కసారి లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలని పల్లకిలో బయలుదేరింది. దారిలో బోయీలు పల్లకి దింపి సేదదీరుతుండగా, ఎదురువస్తున్న ఒక బృందంలోని పిల్లలు ఆకలని ఏడవడం, కాసేపు ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మగారి ఇంట అన్నం తినవచ్చునని పెద్దలు వారిని అనునయించడం ఆమె చెవినిపడింది. పల్లకిని వెనక్కి తిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంట సిద్ధం చేసింది. విష్ణుపురాణం ముంగిట నిలిచి ఎదురుచూడమన్నది. ఆమె ఎదురుచూడవలసిన ముంగిటినుంచి తాను దూరంగా ఉన్నానని గ్రహించి తిరిగివచ్చింది. దీనిని భక్తిలోపంగా భావించేవారికి నచికేతుని కథ మళ్లీ చదవడం అవసరం. ఇంట ఆకలితో అతిథి ఉండగా చేసిన పుణ్యం నిలవదని శ్రుతియే చెప్పినప్పుడు, అంతర్వేది స్వామి ఆమె రానందుకు కోపించి ఉంటాడా?

ఆమె కీర్తి విని, ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక మహోత్సవానికి ప్రభుత్వం ఆహ్వానం పంపిందని, వచ్చేవారికి అన్నం పెట్టేవారుండరని ఆమె నిరాకరించిందని, కనీసం ఛాయాచిత్రమైనా పంపమంటే ఎంతో బతిమాలిన మీదట ఒప్పుకున్నదని ప్రతీతి. ఈ కథలో ఆంగ్లప్రభువు గౌరవానికే అందరూ ప్రాధాన్యమిస్తారు. నిజానికి గమనించవలసినది ఆమె చెప్పిన కారణం. దానిలో వైరాగ్యప్రకటన లేదు, రాజధిక్కారం లేదు. మధ్యాహ్నానికి ఎవరో వస్తారు, అంతే.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ పరమపదించింది. ఆమె వెనుక మాన్యం లేదు, కాయస్థుడు లేడు, మూడు భాగాల లెక్క చెక్కిన శిల లేదు. విశ్వేశ్వర శివాచార్యుడు ఏర్పరచిన కట్టుబాటు ఆమెకు లేకపోయింది, ఆమె వాకిట నిలిచినట్లు నిలవడం ఏ కట్టుబాటుకూ సాధ్యం కాదు. గన్నవరం వద్ద వైనతేయపై 2000లో ప్రారంభమైన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. పూర్వం బాటసారులు పడవకోసం కాచుకొని ఉన్న ఆ ఏటిమీదుగానే నేడు బస్సులు వెళుతున్నాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఆ పథకాన్ని నడిపే ప్రభుత్వపు సచివాలయం ఉన్నది వెలగపూడిలో, రుద్రమదేవి 1261 నాటికి గోళకీమఠానికి ధారపోసిన గ్రామంలో.