అతుకుల బొంత: తిట్టు వెనకున్న చరిత్ర

రెండు మూడు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే మర్నాడు టీవీలో వినిపించే మాట ఏంటి? "అతుకుల బొంత." సినిమాలో కథ అతకకపోతే కూడా అదే మాట. పొందిక లేని దేనికైనా మనం బొంత పేరే పెడతాం. ఇవాళ నేను ఆ బొంత తరఫున మాట్లాడతాను.

కారణం ఉందండి. నా స్నేహితురాలికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టి ఇద్దామని కూర్చున్నాను. కుట్టుపని నాకు కొత్త. వాళ్ళమ్మగారు రెండేళ్ళ కిందట పోయారు. ఆవిడ కట్టిన బండారులంక నేత చీరలు నాలుగు బీరువాలో ఉంటే, వాటితోనే కుట్టమని తనే తెచ్చి ఇచ్చింది. సంగతి విని మా పిన్ని, "పాత గుడ్డలు కానుకేంటే? పైగా తల్లి గుర్తులు. పిల్లలు తడుపుతారు, ఉతికి ఉతికి పీలికలైపోతాయి. బీరువాలో ఉంటే నాలుగు కాలాలు ఉంటాయి కదా" అంది.

ఆ మాట కొట్టిపారేసేది కాదు. దాస్తే మిగులుతుంది, వాడితే పోతుంది. అసలు బట్టల చరిత్రంతా ఈ రెండు ముక్కల మీదే నడిచింది. ఎలాగో చెప్తాను.

ముందు మామిడికుదురు మండలంలోని ఆదుర్రు వెళ్దాం. వైనతేయ ఒడ్డున అక్కడ బౌద్ధ స్తూపం అవశేషాలు ఉన్నాయి. బౌద్ధ భిక్షువులు కట్టుకునే బట్టని చీవరం అంటారు. తొలిరోజుల్లో జనం పారేసిన గుడ్డల్ని ఏరి, ఉతికి, రంగు వేసి, అతికి కట్టుకునేవారు. ఆ అతుకులకి ఒక లెక్క కూడా ఉంది. మగధలో వరిచేలు, మధ్యలో గట్లు చూపించి, బట్ట ఈ తీరుగా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకంలో ఉంది. ఆనందుడు అలాగే కుట్టించాడు. ఇప్పటికీ భిక్షువుల చీవరం మీద ఆ మళ్ళు, ఆ గట్లు కనిపిస్తాయి. వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనకి ఆ డిజైన్ వేరే చెప్పాలా! అక్కడ అతుకు పేదరికానికి గుర్తు కాదు, గౌరవానికి గుర్తు.

అక్కడి నుంచి ఒక్క గంతేసి 17, 18 శతాబ్దాలకి వచ్చేద్దాం. అప్పటికి గోదావరి నేత బట్ట ఓడలెక్కుతోంది. అల్లవరం మండలంలో బెండమూర్లంక తెలుసు కదా? అక్కడ ఈస్టిండియా కంపెనీకి ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మిల్లు అనుకునేరు, కాదు. నేతగాళ్ళ దగ్గర బట్ట కొని, ఓడ వచ్చేదాకా నిల్వ చేసే కోఠీ. యానాం దగ్గర ఇంజరంలో ఒకటి, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంకొకటి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ పట్టుకున్నాడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల నరసాపురం వైపు దిగే వాళ్ళకి మాధవాయిపాలెం అంటే ఒక రేవు పేరు, అంతే. కానీ ఇంగ్లీషు నిఘంటువుల్లో 'మాడపోలం' అని ఒక నూలుబట్ట పేరు ఉంటుంది. ఆ పేరు ఈ ఊరిదే.

మన దేశపు నూలుబట్ట అక్కడికెళ్ళి ఏమయింది? చాలావరకు ఒంటి మీద బట్టలయింది, కొంత పడకల మీదకి చేరింది. ఇంగ్లండ్‌లో లెవెన్స్ హాల్ అనే పెద్ద భవనంలో ఒక అతుకుల దుప్పటి ఉంది. 1708 ప్రాంతం నాటిది. ఆ దేశంలో ఇప్పటికి మిగిలిన అతుకుల పనిలో అతి పాతవాటిలో అదొకటి. అందులో వాడింది భారతదేశం నుంచి వెళ్ళిన పూల అద్దకం బట్ట. మన బట్టకి అక్కడ ఎంత మోజంటే, మా మగ్గాలు ఏం కావాలని అక్కడి నేతవాళ్ళు గొడవకి దిగారు. 1721లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసింది. అద్దకం నూలుబట్ట ఒంటి మీద వేసుకోకూడదు, ఇంట్లో పడక మీద కూడా వాడకూడదు! 1774 దాకా ఆ చట్టం పోలేదు.

తర్వాత కథ తిరగబడింది. లాంకషైర్ మిల్లుల బట్ట చవగ్గా మన సంతలకి వచ్చింది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మూతబడింది. కోఠీలు పోయాయి. కానీ వాటి లెక్కలు మిగిలాయి. ఏ ఊళ్ళో ఎంత బట్ట కొన్నారు, ఎంత బయానా ఇచ్చారు, అన్నీ కాగితాల మీద ఉన్నాయి.

మరి అవే ఊళ్ళలో కుట్టిన బొంతలకి లెక్క ఏదీ? లేదు. ఎందుకంటే బొంతని ఎవరూ అమ్మలేదు, కొనలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళు పాత చీరలు మడతేసి పరిచి, అంచులు లోపలికి మడిచి, దబ్బనంతో టాకాలు వేసుకుంటూ పోయేవారు. దాని మీద పిల్లలు పడుకున్నారు, తడిపారు. అది చిరిగాక మసిగుడ్డ అయింది. ఆఖరికి పొయ్యిలోకి పోయింది. లెవెన్స్ హాల్ దుప్పటి మిగిలింది దాచారు కాబట్టి. మన బొంత మిగలనిది నాసిరకం అయి కాదు, చేయాల్సిన పని పూర్తిగా చేసింది కాబట్టి.

పాత గుడ్డే ఎందుకంటారా? కొత్త నూలుబట్టకి గంజి ఉంటుంది, గరుగ్గా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉతికిన చీర మెత్తబడుతుంది, తడి తొందరగా పీలుస్తుంది. పుట్టిన బిడ్డని ముందు పాత బట్టలోనే పడుకోబెట్టాలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

స్నేహితులకి అతుకుల దుప్పటి ఇవ్వడం ఇంకో దేశంలో పెద్ద ఆనవాయితీ. 1840ల్లో అమెరికాలో ఊరొదిలి దూరం వెళ్ళే స్నేహితురాలికి, అందరూ తలో ముక్క కుట్టి, ఒక్కో ముక్క మీద ఒక్కొక్కరి పేరు సిరాతో రాసి ఇచ్చేవాళ్ళు. ఇవాళ అక్కడి పరిశోధకులు ఆ పేర్లు పట్టుకుని, ఇంకెక్కడా ఆనవాలు దొరకని ఆడవాళ్ళ జీవితాలు వెతుకుతున్నారు. తేడా అల్లా ఒక్క పేరు రాయడంలో ఉంది, చూశారా?

పిన్ని అన్నది స్నేహితురాలికి చెప్పాను. "అమ్మ ఉంటే తనే కుట్టేది కదే" అంది. దాంతో తేలిపోయింది. ఐదున్నర మీటర్ల చీరని మీటరు వెడల్పున మడిస్తే ఐదు పొరలొస్తాయి. ఒక చీర కొయ్యకుండా అలాగే లోపల. రెండు చీరలు చదరపు ముక్కలుగా పైన. నాలుగోది మాత్రం బీరువాలోనే ఉంటుంది. బొంత ఒక మూలన వాళ్ళమ్మగారి పేరు, సంవత్సరం ఎర్ర దారంతో కుడుతున్నాను. ఏ బిడ్డ దేని మీద పడుకుందో ఆ బిడ్డకి పెద్దయ్యాక తెలియాలి కదా.

మీకో చిన్న పని. ఇంట్లో మంచం కిందో అటక మీదో బొంత ఉంటే బయటికి తీయండి. ఫోటో తీయండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి అమ్మనో అమ్మమ్మనో అడగండి: ఇది ఎవరి చీర? ఎవరు కుట్టారు? ఎవరు పుట్టినప్పుడు? రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత బొంతని దాచకండి, హాయిగా వాడుకోండి. ఉంటానండి.