పాత స్పోర్ట్స్ కారుకు కొత్త ఎగ్జాస్ట్ హెడర్: లాభమెంత, చిక్కులేమిటి?

కోల్‌కతాలో పాత కార్లంటే మోజు ఈనాటిది కాదు. స్టేట్స్‌మన్ పత్రిక ఇక్కడ 1968 నుంచి వింటేజ్, క్లాసిక్ కార్ల ర్యాలీ నిర్వహిస్తోంది. చలికాలంలో జరిగే ఈ ర్యాలీల కోసం నగరంలోని చిన్నచిన్న షెడ్లలో నెలల ముందే పని మొదలవుతుంది. బ్రిటిష్ కాలపు స్పోర్ట్స్ కార్లు, ముఖ్యంగా ఎంజీ కార్లు ఉన్నవారికి అప్పుడు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కంపెనీ ఇచ్చిన పోత ఇనుము మానిఫోల్డ్‌ను ఉంచుకోవాలా, తీసేసి బయట దొరికే ఉక్కు గొట్టాల హెడర్ బిగించాలా?

పైకి ఇది నాలుగు నట్లు విప్పి బిగించే పనిలా కనిపిస్తుంది. కానీ ఇంజిన్ సామర్థ్యం, కారు విలువ, రిజిస్ట్రేషన్ హోదా, చివరికి లోపల కూర్చున్నవారి ప్రాణం కూడా దీనితో ముడిపడి ఉన్నాయి.

హెడర్ చేసే పని ఏమిటి?

సిలిండర్లలో కాలిన వాయువు ముందుగా మానిఫోల్డ్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి పొగగొట్టం, సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. పోత ఇనుము మానిఫోల్డ్ బరువైనది, పొట్టిది, చవకగా తయారయ్యేది. ఏళ్ల తరబడి మన్నుతుంది, చప్పుడును కొంత మింగుతుంది. హెడర్‌లో ప్రతి పోర్టుకూ ఒక విడి గొట్టం ఉంటుంది. కొంత దూరం వెళ్లాక అవన్నీ కలుస్తాయి.

ఆ దూరంలోనే కిటుకు ఉంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక పీడన తరంగం గొట్టంలో పరుగెడుతుంది. గొట్టాలు కలిసే చోటికి చేరాక అది పీల్చే తరంగంగా మారి వెనక్కి వస్తుంది. ఎగ్జాస్ట్, ఇన్‌లెట్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉండే క్షణానికి ఆ తరంగం చేరితే, సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేసి కొత్త మిశ్రమానికి చోటిస్తుంది. గొట్టం పొడవును బట్టి ఈ లాభం ఏ వేగంలో దక్కుతుందో తేలుతుంది. అంటే ఏ హెడరూ అన్ని వేగాల్లోనూ శక్తి పెంచదు. ఒకచోట ఇచ్చి ఇంకోచోట కొంత తీసుకుంటుంది.

అంబాసిడర్‌తో చుట్టరికం

కోల్‌కతాకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. నగరానికి ఉత్తరాన ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్‌లో చాలాకాలం వాడినది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1489 సీసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజిన్. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదటి రకంలోనూ ఇదే కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజిన్ ఉంది. 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీలో అదే పెరిగి 1798 సీసీ అయింది. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయినా, ఈ ఇంజిన్‌పై చేయి తిరిగిన పాత మేస్త్రీలు నగరంలో ఉన్నారు. మల్లిక్ బజార్ లాంటి పాత విడిభాగాల మార్కెట్లూ ఉన్నాయి. అయితే చుట్టరికం ఉన్నంత మాత్రాన అన్నీ ఒకదానికొకటి సరిపోవు. ప్రతి భాగాన్నీ కొలిచాకే బిగించాలి.

బీ-సిరీస్ ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లున్నా ఎగ్జాస్ట్ పోర్టులు మూడే. రెండు, మూడు సిలిండర్లు హెడ్ లోపలే కలిసి మధ్య పోర్టు గుండా బయటికి వస్తాయి. ఇంజిన్ పేలుడు క్రమం 1-3-4-2 కాబట్టి ఆ రెండింటి మధ్య క్రాంక్‌షాఫ్ట్ సరిగ్గా ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. అందుకే ఒకదాని పొగ మరొకదానికి పెద్దగా అడ్డు రాదు. ఈ ఇంజిన్ హెడర్‌కు మూడు గొట్టాలే ఉండటానికి కారణం ఇదే.

ఎంజీబీ విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. దాని కంపెనీ మానిఫోల్డ్ నాసిరకం కాదు. క్యామ్‌షాఫ్ట్, హెడ్, కార్బ్యురేటర్ మార్చని మామూలు ఇంజిన్‌కు హెడర్ ఒక్కటే తగిలిస్తే వచ్చే తేడా స్వల్పం. పెరిగేది ఎక్కువగా చప్పుడే. ఇంజిన్‌ను పోటీల స్థాయికి సిద్ధం చేసినప్పుడే హెడర్ అసలు ఉపయోగం తెలుస్తుంది.

బిగించేటప్పుడు

పనిలో మొదటి గండం పాత స్టడ్లు. దశాబ్దాల వేడికి, తుప్పుకు నట్లు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. విరిగిన ముక్కను తీయాలంటే హెడ్ మొత్తం విప్పాల్సి రావచ్చు. అందుకే కొన్ని రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పోస్తూ ఉండాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ తీగ తీసేశాకే పని మొదలుపెట్టాలి.

రెండోది ఫ్లాంజ్ మందం. బీ-సిరీస్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజిన్‌కు ఒకే పక్కన ఉంటాయి. ఒకే గ్యాస్కెట్‌ను పంచుకుంటాయి. కొన్ని స్టడ్ల దగ్గర ఒకే మందపాటి వాషర్ రెండు ఫ్లాంజ్‌లనూ నొక్కిపడుతుంది. కొత్త హెడర్ ఫ్లాంజ్ పాతదానికంటే పలుచగా ఉంటే వాషర్ ఒకవైపే కూర్చుంటుంది, రెండోవైపు లీకవుతుంది. లేత్ పనివాడితో మెట్టున్న వాషర్లు చేయించడమో, ఫ్లాంజ్ మందం సరిచేయించడమో తప్పదు. వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంగిందేమో ఉక్కు స్కేలు ఆనించి చూడాలి. గొట్టం నోళ్లు గ్యాస్కెట్‌తో, హెడ్ పోర్టులతో సరిపోతున్నాయో లేదో సరిచూడాలి.

మూడోది ఖాళీ. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది. నిలబెట్టిన కారులో తగలని గొట్టం, గేరు మార్చగానే ఛాసిస్‌కు కొట్టుకోవచ్చు. మానిఫోల్డ్ ఉన్నది ఎడమ పక్కన కాబట్టి, కుడిచేతి వైపు స్టీరింగ్ ఉండే మన కార్లలో స్టీరింగ్ కడ్డీ అడ్డం రాదు. అది కొంత ఊరట.

నట్లను మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ కొద్దికొద్దిగా బిగించాలి. ఇంజిన్‌ను వేడెక్కించి, పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. టిక్ టిక్ మనే చప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక టపటపలు వినిపిస్తే ఎక్కడో లీకు ఉండే అవకాశం ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పాత కారు నేల రేకుల్లోని రంధ్రాల గుండా అది లోపలికి చేరితే ప్రాణాంతకం.

వేడి, తేమ, పెట్రోల్

పలుచటి గొట్టాలు పోత ఇనుముకంటే ఎక్కువ వేడిని చుట్టుపక్కలకు వదులుతాయి. పైనే కార్బ్యురేటర్లు ఉంటాయి. మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పెట్రోల్ ఆవిరై ఇంజిన్ మొరాయించవచ్చు. అందుకే కార్బ్యురేటర్ కింద వేడిని అడ్డే రేకును తీసేయకూడదు. కొందరు గొట్టాలకు వేడి ఆపే పట్టీ చుడతారు. కోల్‌కతా తేమలో, వానాకాలపు వరద నీటిలో ఆ పట్టీ తడిని పట్టి ఉంచి మామూలు ఉక్కును లోలోపల తినేస్తుంది. సిరామిక్ పూతో, స్టెయిన్‌లెస్ స్టీలో మేలు. అయితే స్టెయిన్‌లెస్ రకాల్లో కొన్ని వేడికి మామూలు ఉక్కుకంటే ఎక్కువ వ్యాకోచిస్తాయి. గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్లకు ఆ సందు ఇవ్వాలి.

బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బ్యురేటర్ సెట్టింగ్‌లో మిశ్రమం పలుచనవుతుంది. హెడర్ వల్ల గాలి ప్రవాహం పెరిగితే ఆ లోటు ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు ఇంజిన్ అతిగా వేడెక్కుతుంది. హెడర్ వేశాక కార్బ్యురేటర్ సూదిని, ఇగ్నిషన్ టైమింగ్‌ను మళ్లీ సరిచేయకపోతే పని సగమే అయినట్టు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు మీరితే 190(2) సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 10,000 రూపాయల వరకు ఉంటుంది. సైలెన్సర్ తప్పనిసరి. కాబట్టి హెడర్ మార్చినా సైలెన్సర్‌ను తీసేయడం కుదరదు.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు మరో మెలిక. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. వాటి నంబరు ప్లేటుపై రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదన్నది షరతు. నిబంధనల్లో హెడర్ పేరు విడిగా లేదు. కానీ ఇంజిన్‌కు తగిలించిన కొత్త భాగంపై తనిఖీలో ప్రశ్న రావచ్చు. ఈ నిబంధనలు కోల్‌కతాకే కాదు, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని యజమానులకూ వర్తిస్తాయి.

వెనక్కి వచ్చే దారి

ఈ కారణాలన్నిటి వల్ల అనుభవజ్ఞులు పాటించే సూత్రం ఒకటే: చేసిన మార్పును ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలగాలి. హెడర్ కోసం ఛాసిస్‌ను కోయకూడదు, హెడ్‌ను అరగదీయకూడదు. తీసిన మానిఫోల్డ్‌కు నూనె రాసి, నట్లు, వాషర్లతో సహా మూటగట్టి భద్రపరచాలి. బరువుగా ఉందని పాత ఇనుము వాడికి వేసేస్తే, రేపు కారును అసలు రూపానికి తేవాలన్నప్పుడు అదే జత దొరకడం కష్టం. హెడర్‌ను డబ్బు పెట్టి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఆ కారుతో పుట్టిన మానిఫోల్డ్‌ను మాత్రం మళ్లీ కొనలేం.